మామ అడిగే మూడో ప్రశ్న

మంగళవారం పొద్దున అమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి, మెల్లగా గడప మీద కూర్చుండిపోయింది. "అన్న పోయినాడంట" అంది. ఏ అన్న అని అడిగాను. అమ్మకు ఉన్నది ఒక్కడే అన్న. అది తెలిసీ అడిగాను. ముందురోజు సాయంత్రమే నాతో మాట్లాడిన మనిషి ఇక లేడన్న మాట మనసుకు ఎక్కడానికి కొంత సమయం కావలసివచ్చింది.

ఎస్. కొండసామి నా మేనమామ. తమిళనాడులోని రాజపాళయంలో తెన్‌కాశి రోడ్డు పక్క సందులో ముప్పై ఏళ్ళు కారు ఇంజన్లు విప్పి కట్టినవాడు. ఆ ఉదయం షెడ్డు షట్టరు సగం ఎత్తి, గుండె పట్టుకుని, అక్కడే ఒరిగిపోయాడు. వయసులో ఆయనకన్నా పెద్దవాళ్ళు సైతం ఆయనను మామ అనే పిలిచేవారు. శవయాత్రలో మా బంధువులకన్నా బండ్లవాళ్ళే ఎక్కువ. ఒక్కరూ హారన్ కొట్టలేదు. అది మామకు నచ్చి ఉండేది.

ఆయన విద్య టర్బో ఇంజన్లు కట్టడం. ఇంజను వదిలే పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో ఇంజనులోకి ఎక్కువ గాలి నెట్టించే సాధనం టర్బో. "మామూలు ఇంజను తనంతట తాను ఊపిరి పీల్చుకుంటాది పాపా. దీనికి మనం నోట్లో కుక్కుతాము. అట్ల కుక్కేటప్పుడు లోపల ఉండేది తట్టుకుంటాదా లేదా అని చూడాల కదా" అనేవాడు. కంపెనీ వేసి పంపిన పిస్టన్లు ఆ బలానికి ఆగవు. వాటిని తీసి గట్టివి వెయ్యాలి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పే క్యామ్‌షాఫ్టునూ మార్చాలి. ఏ పిస్టను, ఏ క్యామ్‌షాఫ్టు అన్న ఎంపిక దగ్గరే మామ గొప్పతనమంతా ఉండేది.

బలం ఎంత కావాలని ఆయన ఎవరినీ అడగలేదు. అడిగేవి మూడే ప్రశ్నలు. యాడికి పోతావు? ఏ బంకులో పెట్రోలు పోస్తావు? నీ పక్కన ఎవరు కూర్చుంటారు? మొదటి రెండింటికీ అందరూ టక్కున జవాబు చెప్పేవారు. మూడోదానికి నవ్వేవారు. మామ నవ్వేవాడు కాదు.

నేను ఆ షెడ్డులో చేరింది కాలేజీ సెలవుల్లో. పిస్టన్ల కేటలాగులన్నీ ఇంగ్లీషు. మామకు అంకెలు అర్థమయ్యేవి, వాక్యాలు కావు. విడిభాగాల బీరువా వెనుక స్టూలు వేసుకుని నేను చదివి చెప్పేదాన్ని. బయటివాళ్ళతో మాట్లాడవలసిన పని లేదు కాబట్టి ఆ చోటు నాకు స్వర్గం. మామ చెప్పినవన్నీ నా డైరీలో రాసుకునేదాన్ని. కేటలాగు మధ్యలో నవల పెట్టుకుని చదవడం కూడా అక్కడే అలవాటైంది. మామకు తెలియదనుకున్నాను. ఒకరోజు బీరువా అవతలి నుంచి గొంతు వినిపించింది.

"ఏం పాపా, ఆ పిస్టను అంత సోకమా? ముప్పావు గంటగా ఏడుస్తా ఉండావే!"

మరుసటి రోజు స్టూలు మీద ఒక మెత్త ఉంది. ఎవరు పెట్టారో ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

షెడ్డులో స్వామి పటం కింద పగిలిన పిస్టను ఒకటి ఉండేది. దాని కంతలో మామ అగరువత్తి గుచ్చేవాడు. అది ఎవరిదని అడిగిన ప్రతివాడికీ ఒకటే జవాబు: "నా పొగరుది." వయసులో ఉన్నప్పుడు తన సొంత కారుకు టర్బో పెట్టి, పందెపు బండ్లలో వేసే క్యామ్‌షాఫ్టూ, పైన గుబ్బలాగా లేచి గాలిని మరీ గట్టిగా నొక్కే పిస్టన్లూ వేశాడట. రెండూ మంచి సరుకే. టర్బో లేని ఇంజనుకు మంచివి. సెంగోట్ట ఘాటు కొండదారి ఎక్కుతుండగా పిస్టను పగిలింది. పెట్రోలు చెడ్డదని చుట్టూ ఉన్నవాళ్ళు సర్దిచెప్పబోతే మామ ఒప్పుకోలేదు. "పెట్రోలు ఎప్పుడూ పోసేదే. దానికి తగినట్ల ఎంచుకోనిది నేను."

ఆ తర్వాత ఆయన టర్బో ఇంజనుకు నడుమ పళ్ళెంలా లోతుగా ఉన్న పిస్టన్లే వేశాడు. ఒత్తిడి తగ్గుతుంది, ఇంజను లోపల టకటకలాడదు. పోత పోసినవి కాకుండా, దెబ్బ కొట్టి అచ్చులో నొక్కినవి తెప్పించేవాడు. అందులోనూ రెండు రకాలు. ఒకటి మహా గట్టిది కానీ చల్లగా ఉన్నప్పుడు వదులుగా ఉండి చప్పుడు చేస్తుంది. రెండోది కాస్త సుకుమారం, కానీ పొద్దున స్టార్టు చేస్తే నిశ్శబ్దం. పందేలకు పోయేవాడికి మొదటిది, పిల్లలను బడిలో దింపేవాడికి రెండోది. క్యామ్‌షాఫ్టు సంగతి అడిగితే మాటల్లోకి మా ఊరి కుక్కను తెచ్చేవాడు. "గాలి వచ్చే వాల్వు, పొగ పోయే వాల్వు రెండూ చానాసేపు ఒకటిగా తెరిచి ఉండాయనుకో. నువ్వు నెట్టిన గాలి పొగతోపాటు పరిగెత్తిపోతాది. లేదంటే పొగ తిరిగి లోపలికి వస్తాది. ముందు తలుపు, పెరటి తలుపు రెండూ తీసిపెట్టి కుక్క పోయిందే అని ఏడ్చేదా?" అందుకే ఆ రెండూ కలిసి కొద్దిసేపే తెరిచి ఉండేట్టు చేసేదాన్ని వేసేవాడు, దాన్ని చిన్న క్యామ్ అనేవాడు.

మామ కట్టిన చివరి ఇంజను భాస్కరన్‌ది. చోళపురంలో మామిడి తోట ఉన్న మనిషి. కారుకు టర్బో పెట్టించుకోవడానికి వచ్చాడు. ఘాటుకు పోతానన్నాడు, ఊరి బంకులోనే పెట్రోలు పోస్తానన్నాడు. పక్కన ఎవరు కూర్చుంటారంటే, "ఎవరూ లేరు మామా, నేనొకడే" అన్నాడు. పిస్టన్లు వచ్చాయి. మామే అమర్చాడు. క్యామ్‌షాఫ్టు ఇంకా తెప్పించలేదు. ఆ సోమవారం సాయంత్రం నేను ఇంటికి బయలుదేరుతుంటే మామ, "చిన్న క్యామే వెయ్యాల. అయినా ఆగు, ఆర్డరు పెట్టవద్దు. వాడు మూడోదానికి నేల చూసుకుంటా చెప్పినాడు. మళ్ళా అడగాల. రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. నా డైరీలో మామ చెప్పిన చివరి మాట అదే.

పదహారో రోజు కర్మ గడిచాక భాస్కరన్ షెడ్డుకు వచ్చాడు. మామతో ఇరవై ఏళ్ళు పనిచేసిన మాడసామి అణ్ణ ఒక్కడే ఉన్నాడు. నేను బీరువా వెనుక ఉన్నాను.

"అణ్ణా, మామ పోయినాడు, నాకూ కష్టమే. అయితే మామ చిన్న క్యామ్ చెప్పినాడు కదా, అది వద్దు. కోయంబత్తూరులో ఫ్రెండ్సు పందెపు క్యామ్ ఉండాదంటారు. నిలబెట్టినప్పుడే గుడుగుడుమని ఆడతాదంట. అది వేసేద్దాం."

మాడసామి అణ్ణ ఇబ్బందిగా చేతులు తుడుచుకున్నాడు. "మొదలాళి మామ ఉంటే చెప్పిండేవాడు. నాకు బిగించేదానికి తెలుసు తంబీ, ఎంచేదానికి తెలియదు. బండి నీది."

మామ చేతి చివరి ఇంజను ఆయన పొగరు అని పేరు పెట్టిన తప్పుతోనే పూర్తి కాబోతోంది. అడ్డుపడగల కారణాలన్నీ నా ఒళ్ళో డైరీలో ఉన్నాయి. బయటికి వచ్చానన్న సంగతి భాస్కరన్ నా వైపు తిరిగాకనే నాకు తెలిసింది.

"మామ మిమ్మల్ని ఒకటి మళ్ళా అడగాలన్నాడు" అన్నాను. "మీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

"అప్పుడే చెప్పినాను కదమ్మా, ఎవరూ లేరని."

డైరీ తెరిచి ఆ పేజీ చూపించాను. నేల చూసుకుంటూ చెప్పాడు అన్న మాట అతను రెండుసార్లు చదువుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మా నాయన" అన్నాడు చివరికి. "లారీ తోలినాడు ముప్పై సంవత్సరం. ఇప్పుడు కన్ను కనపడదు. ఆదివారమైతే పక్కన కూర్చుంటాడు, ఘాటు కాడికి పోతాము. శబ్దం విని ఏ గేరో చెప్తాడు. ఫ్రెండ్సు నవ్వుతారని చెప్పలేదు."

మళ్ళీ అతనే అడిగాడు. "ఆ పెద్ద క్యామ్ వేస్తే నిలబెట్టినప్పుడు ఎట్ల ఉంటాది?"

"గుడుగుడుమని తడబడుతూ ఆడుతుంది. మీరు చెప్పినట్టే."

"అయ్యో, మా నాయన ఒప్పుకోడు. ఇంజనుకు జరం వచ్చిందిరా, దింపు నన్ను అంటాడు." తానే నవ్వేశాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "మామ చెప్పిందే వెయ్యండి."

ఆ క్యామ్‌షాఫ్టు నిన్న వచ్చింది. దాన్ని అమర్చాక మామ తప్పక చేసే పరీక్ష ఒకటుంది. పిస్టను మీద పిల్లలు ఆడుకునే రంగు మట్టి పెట్టి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి చూస్తారు. వాల్వు ఆ మట్టిని ఎంత నొక్కిందో, కింద ఎంత మందం మిగిలిందో కొలిస్తే వాల్వూ పిస్టనూ తగులుకుంటాయో లేదో తెలుస్తుంది. నాకు ఏడేళ్ళప్పుడు మామ నా మట్టి ముద్దను చెప్పకుండా తీసుకుపోయాడు. నేను ఏడ్చి రచ్చ చేస్తే కొత్త పెట్టె కొనిచ్చాడు. ఆనాటి నుంచి ప్రతి ఇంజనుకూ మట్టి కొని, కొలత అయ్యాక, వాల్వు ముద్ర పడిన ఆ ముద్దను నాకే ఇచ్చేవాడు. నేను కాలేజీకి పోయినా మానలేదు. మా ఇంట్లో బిస్కెట్ల డబ్బా నిండా అవే ఉన్నాయి, ఎరుపు, పసుపు, నీలం.

ఈసారి మట్టి నేనే కొన్నాను, పచ్చది. మాడసామి అణ్ణ ఇంజను తిప్పాడు. బ్లేడుతో ముద్దను కోసి నేను కొలిచాను. అలవాటు చొప్పున అంకెను బిగ్గరగా చదివాను, మామ కూర్చునే స్టూలు వైపు తిరిగి. కొలత బాగుంటే ఆయన ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు. మాడసామి అణ్ణ కూడా స్పానరు పట్టుకుని ఆ మాట కోసమే ఆగిపోయాడు. సందులో ఒక స్కూటరు పోయింది. అగరువత్తి సగం కాలి ఉంది.

ఇంజన్లు కట్టేవాళ్ళు ఇంకా వస్తారు. పక్కన కూర్చునే మనిషి కోసం పిస్టను ఎంచినవాడు మళ్ళీ మాకు దొరకడు. ఆ పచ్చ ముద్దను, స్వామి పటం పక్కన కొత్తగా పెట్టిన ఆయన పటం ముందు పెట్టి మొక్కాను. మాడసామి అణ్ణ ఇంకా నా వైపే చూస్తున్నాడు.

"సరి" అన్నాను. "మూసేయండి."