ఆరో గ్రీన్ ఈరోజు ఎలా ఉందంటే

మా అత్తయ్యకి నోరెక్కువని ఊళ్ళో అందరూ అంటారు. నేనొప్పుకోను. ఆవిడ మాట్లాడేది తక్కువే. కాకపోతే ఆ కాస్తా ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, ఉలిక్కిపడ్డవాళ్ళందరూ కలిసి ఆవిడకి ఆ పేరు పెట్టారు.

అత్తయ్య అంటే మా నాన్న అక్క. పళ్ళ డాక్టరు గారి దవాఖానా వెనక గదిలో కట్టుడు పళ్ళు చేస్తుంది. కిటికీ కింద బల్ల, బల్ల మీద చిన్న మంట, గులాబీ రంగు మైనం, సుద్దతో పోసిన దవడ అచ్చులు. ఆ అచ్చులన్నీ ఆవిడ వైపే పళ్ళికిలించి చూస్తూ ఉంటాయి. సెట్టు పెట్టుకున్న మనిషి "బాగానే ఉందండీ" అని మొహమాటపడితే ఊరుకోదు. "బాగాలేదు, కుడిపక్క ఒత్తుతోంది, మీ కళ్ళే చెబుతున్నాయి, తియ్యండి" అని మళ్ళీ అరగదీస్తుంది. డాక్టరు గారు ఆవిడ చేతిని పొగుడుతాడు, నోటికి భయపడతాడు.

ఈవిడకి గోల్ఫేమిటని మీరడగొచ్చు. గోల్ఫంటే కోటీశ్వరుల ఆటనుకునేవాళ్ళు మా ఊరి కోర్సు చూడలేదు. కాగితపు మిల్లుకీ ఇళ్ళకీ మధ్య మునిసిపాలిటీ నేల మీద ఉంటుంది. ఓ క్లబ్బు దాన్ని నడుపుతుంది. ఆడేవాళ్ళు కుళాయిలు బాగుచేసేవాళ్ళు, నర్సులు, బళ్ళో పంతుళ్ళు. జనం నడిచే దారి ఒకటి కోర్సు మధ్యలోంచే పోతుంది. ఆ దారిలో కుక్కని తిప్పుకునేవాళ్ళు, బంతి ఎటు తిరిగి ఎటొస్తుందోనని తల మీద సంచీ పెట్టుకుని నడుస్తారు. మా మామయ్య బస్సు డ్రైవరు. ఎవరో బస్సులో వదిలేసిన గోల్ఫు కర్రలు ఎన్నాళ్ళకీ ఎవరూ వచ్చి అడక్కపోతే ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయనకి ఆ పిచ్చి పట్టింది, తర్వాత ఆవిడకి అంటుకుంది.

ఈ ఆటగాళ్ళకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళందరూ అందులోనే. పొద్దున ముందుగా ఎవరు ఆడితే వాళ్ళు ఆ రోజు కోర్సు ఎలా ఉందో రాయాలి. నడిచినవాళ్ళే రాయాలన్నది అక్కడి కట్టుబాటు. ఎక్కడికైనా ఆడటానికి వెళ్ళాలంటే ఏ నెల మంచిది, ఏ లాడ్జిలో మంచాలు కిర్రుమంటాయి, ఎక్కడ కర్రల సంచీ మనమే మోసుకోవాలి, అన్నీ అందులోనే అడుగుతారు. అడిగినవన్నీ చెబుతారు గానీ సొంత కోర్సు సంగతి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట: బాగుంది. వరదొచ్చినా బాగుంది, గడ్డి ఎండినా బాగుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

అత్తయ్య మాత్రం ఇలా రాసేది: "రెండో హోల్ బంకర్లో ఇసుక లేదు, రాళ్ళున్నాయి. కర్ర మీద ప్రేమ ఉన్నవాళ్ళు పక్కనుంచి పొండి. నాలుగోది బురద. పాత చెప్పులు వేసుకోండి." హోలంటే ఒక్కో గుంటా దాని దాకా పోయే గడ్డి నేలా, బంకరంటే ఆటగాళ్ళని ఏడిపించడానికి మధ్యలో తవ్విన ఇసుక గొయ్యి.

దీనికో కారణం ఉంది. మామయ్య రిటైరయ్యాక సముద్రం పక్కన ఉన్న పెద్ద కోర్సులో ఒక్కసారి ఆడాలని ఆశపడ్డాడు. గ్రూపులో అడిగితే అక్కడి మనిషి "బ్రహ్మాండంగా ఉంది, వచ్చెయ్యండి" అని రాశాడు. వెళ్ళారు. తీరా చూస్తే గ్రీన్లన్నీ గుచ్చి ఉన్నాయి. గ్రీన్ అంటే గుంట చుట్టూ తివాచీలా నున్నగా కత్తిరించిన గడ్డి. అప్పుడప్పుడూ దాని వేళ్ళకి గాలి ఆడాలని యంత్రంతో నేలంతా వేలెడు బెజ్జాలు పొడిచి ఇసుక నింపుతారు. మళ్ళీ పూడటానికి మూడు వారాలు పడుతుంది. అందాకా బంతి దొర్లదు, కప్పలా గెంతుతుంది. మామయ్య మొదట్లో నవ్వాడట, తర్వాత నవ్వడం మానేశాడట. తిరుగు బస్సులో "గడ్డి కలిశాక మళ్ళీ వద్దాంలే" అన్నాడు. ఆ చలికాలం దాటలేదు, పోయాడు.

"ఆ రాసినాయన చెడ్డవాడేం కాదే. వాళ్ళ ఊరి పరువు కాపాడుకున్నాడు. అది కాపాడటానికి మీ మామయ్య రోజు ఖర్చు చేశాడు" అంది అత్తయ్య ఓసారి. నాకు ఆ సముద్రం పక్క మనిషి మీద ఇప్పటికీ ఒళ్ళు మంటే.

ఇంతకీ జరిగిందేమిటంటే, ఈ ఏడు వేరే ఊరి నుంచి ఓ పాతికమంది పెద్దవాళ్ళు మా కోర్సుకి వద్దామనుకున్నారు. వాళ్ళని పోగేసింది ఓ రిటైర్డ్ పోస్టుమాస్టరు. "గ్రీన్లు ఎలా ఉన్నాయండీ, వచ్చే ఆదివారం వద్దామనుకుంటున్నాం" అని గ్రూపులో అడిగాడు. మా క్లబ్బు సెక్రటరీ వెంటనే "చాలా బాగున్నాయి, రండి" అని రాశాడు. ఆయన ఆ మాట రాస్తున్నప్పుడు కిటికీ అవతల యంత్రం ఒకటో గ్రీన్ గుచ్చుతోంది. వానల వల్ల యంత్రం ఆలస్యంగా దొరికింది, అది ఆయన తప్పు కాదు. దాచాలనుకోవడం మాత్రం ముమ్మాటికీ ఆయన తప్పే.

మర్నాడు పొద్దున అత్తయ్య కోర్సంతా నడిచి, ఆయన మాట కిందే రాసింది: "నిన్నటి నుంచి గ్రీన్లన్నీ గుచ్చారు. ఇసుక పోశారు. ఆరో గ్రీన్ జల్లెడలా ఉంది. ఈ ఆదివారం రాకండి. మూడు వారాలాగి రండి, అప్పటికి బాగవుతుంది. ఆ గడ్డి సంగతి నాకు తెలుసు."

పోస్టుమాస్టరు దండం పెట్టి ప్రయాణం వాయిదా వేశాడు. వంటమనిషికి పురమాయించిన భోజనాలు ఆగిపోయాయి, బ్యానరు ఒకటి కట్టారు, అదీ విప్పారు. సెక్రటరీ ముఖం కందగడ్డయింది.

ఈ ఏడే అత్తయ్య ఆడవాళ్ళ పోటీలో మొదటిసారి ఫైనల్‌కి వచ్చింది. ప్రతి ఏడూ మొదటి రోజే ఓడిపోయి వచ్చి, గాలి బాగోలేదనేది. ఆవిడ అబద్ధమాడే చోటు అదొక్కటే. ఈసారి ఒక్కొక్కళ్ళనీ ఓడించుకుంటూ వచ్చి, చివర్లో మిగిలిన నర్సమ్మతో ఆడాల్సి ఉంది. నిద్రలో కూడా బంతిని గుంటలోకి తోసే పట్టర్ కర్ర తిప్పుతోందని నేను వేళాకోళం చేసేదాన్ని. సరిగ్గా అప్పుడు సెక్రటరీ కబురు పంపాడు: గ్రూపులో "పొరపాటున రాశాను, కోర్సు బాగుంది" అని రాసి క్షమాపణ చెప్పాలి. లేదంటే సభ్యత్వం తీసేస్తారు. ఫైనలూ ఉండదు.

ఆవిడ రాసింది నిజమని క్లబ్బులో ప్రతి ఒక్కరికీ తెలుసు. వెనక చేరి "బాగా గడ్డి పెట్టావమ్మా" అన్నవాళ్ళే, ఎదురుగా వచ్చేసరికి కుక్కిన పేనల్లే ఉండిపోయారు. పిల్లి మెడలో గంట కట్టిన మనిషిని పిల్లి ముందే వదిలేసి పోయారన్నమాట. నేనూ వాళ్ళకంటే పెద్ద గొప్పదాన్నేం కాదు. వెనక గదికి వెళ్ళి ఆవిడ బల్ల పక్కన కూర్చుని, రెండు ముక్కలు రాసి పారేసి హాయిగా ఫైనల్ ఆడుకోమన్నాను.

అత్తయ్య మైనం చెక్కుతూనే ఉంది. "ఇంకొకళ్ళ పళ్ళు నా నోట్లో పెట్టుకోమంటున్నావు. ఎంత బాగా చేసినా కుదరవే" అంది.

కమిటీ పిలిచిన రోజు నేనూ తోడు వెళ్ళాను. కప్పుల అలమారా ముందు పొడుగు బల్ల, దాని వెనక సెక్రటరీ, ఇంకో ముగ్గురు. ఇవతల ఒక్క కుర్చీ అయినా వెయ్యలేదు. సెక్రటరీ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఇల్లన్నాక లోపాలుంటాయని, ఇంటిగుట్టు వీధిలో పెట్టుకుంటామా అని, వచ్చేవాళ్ళు రాకపోతే అందరికీ నష్టమని. మిగతా ముగ్గురూ టీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు.

అత్తయ్య అంతా విని, "బెజ్జాలున్నాయా లేవా?" అని అడిగింది.

సెక్రటరీ నీళ్ళు నమిలాడు. "ఉన్నాయి మేడమ్, కానీ..."

"ఆ కానీ మీరు రాసుకోండి. బెజ్జాలు నేను రాస్తాను."

అంతే. సభ్యత్వం పోయింది. సామాను పెట్టుకునే అర తాళంచెవి అడిగారు. సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆ తాళంచెవికి మామయ్య కట్టిన బస్సు బొమ్మ ఉంది, దాన్ని మాత్రం విప్పి తీసుకుంది. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి గ్రూపులో రాసింది: "కమిటీ గది. ఈ పొద్దున నడిచి చూశాను. గాలి లేదు. తివాచీ మెత్తన, మనుషులు ఇంకా మెత్తన. కూర్చోవడానికి చోటు లేదు. ఎవరూ రాకండి."

ముందు దూరపు ఊళ్ళవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. మా ఊరివాళ్ళు కూడా నవ్వే ఉంటారు, ఫోను జేబులో పెట్టుకుని. కప్పు నర్సమ్మకి ఆడకుండానే వచ్చేసింది. పాపం ఆవిడ ఇంటికొచ్చి, నాకు ఆడి గెలవాలనుందండీ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నువ్వు ఓడిపోయేదానివిలే, కప్పు ఉంచుకో అని అత్తయ్య ఓదార్చింది. ఆ రాత్రి అత్తయ్య అన్నం సరిగ్గా తినలేదు. ఫైనల్ పోయిందని ఆవిడకి బాధ లేదని నేను రాస్తే ఆవిడే నన్ను తిడుతుంది. చాలా బాధపడింది.

మర్నాటి నుంచీ పనికెళ్ళే ముందు జనం దారిలో నడవడం మొదలుపెట్టింది. దారిలోంచి కనబడేవి ఆరో గ్రీన్, ఏడో హోల్ మొదలయ్యే చోటు, రెండో హోల్ బంకరు. అవే రాసేది. చివర్న "దారిలోంచి చూసి రాస్తున్నా. మిగతావి కనబడలేదు, చెప్పను" అని చేర్చేది. సెక్రటరీ ఓ రోజు దారి అంచున కట్టిన తాడు అవతల నిలబడి ఇదేం పనని అడిగాడు. దారి మునిసిపాలిటీది, కళ్ళు నావి అని జవాబిచ్చి, ముందుకు నడిచింది.

మూడు వారాలయ్యాక ఆదివారం పెద్దవాళ్ళ బృందం వచ్చింది. ఆ పొద్దున నేనూ అత్తయ్య వెంట దారిలో ఉన్నాను. ఆరో గ్రీన్ దగ్గరికి పోస్టుమాస్టరు వచ్చాడు. చెయ్యి పట్టుకుని వాళ్ళన్నయ్యని నడిపించుకొస్తున్నాడు. అన్నయ్యకి చూపు పోతోంది. పాదాల దగ్గర బంతి మసగ్గా కనిపిస్తుంది, అంతకు మించి ఏమీ కనబడదు. వచ్చే ఏటికి ఆ మాత్రం కూడా ఉండదని డాక్టర్లు చెప్పేశారట. వాళ్ళ వెనకే మర్యాదలు చేస్తూ సెక్రటరీ.

మమ్మల్ని చూసి పోస్టుమాస్టరు ఆగాడు. "జల్లెడన్నది మీరేనాండీ?"

"నేనే."

"లోపలికి రండమ్మా, మాతో ఆడుదురుగాని."

"నన్ను రానివ్వరు లెండి. మీరు ఆడండి, చూస్తాను."

సెక్రటరీ చెట్ల వైపు చూశాడు. అన్నయ్య మాత్రం గొంతు వినబడిన వైపు తిరిగి, "అయితే అక్కణ్ణించే చెప్పండమ్మా. ఎటు వంగుతుంది?" అన్నాడు.

పందెం ఆట కాదు కాబట్టి చెప్పొచ్చు. అత్తయ్య తాడు దగ్గరికి వచ్చి, మోకాళ్ళు వంచి, సుద్ద దవడని చూసినట్టు ఒంటికన్నుతో ఆ నేలని చూసింది. ఎడమవైపు కాస్త వదిలి, మెల్లగా వెయ్యమంది. తమ్ముడు ఆయన భుజాలు పట్టుకుని అటు తిప్పాడు. ఆయన వేశాడు. బంతి గెంతలేదు. పళ్ళెంలో దొర్లినట్టు దొర్లి, వంపు తిరిగి, గుంట పక్కన ఆగింది.

"పడిందా?" అని అడిగాడు అన్నయ్య.

పడిందనాలని నాకే నోటిదాకా వచ్చింది. పోస్టుమాస్టరు నోరు తెరిచాడు. సెక్రటరీ అప్పటికే చప్పట్లు కొట్టడానికి చేతులెత్తాడు.

"లేదండీ. జానెడు దూరంలో ఆగింది. గీత మాత్రం సరైనదే, కొంచెం గట్టిగా వెయ్యండి" అంది అత్తయ్య.

ఆయన గట్టిగా నవ్వాడు. "ఇంకో బంతి ఇవ్వరా" అని తమ్ముడి ముందు చెయ్యి చాపాడు. ఈసారి గట్టిగా వేశాడు. బంతి వెళ్ళి గుంటలో టక్కున పడింది.

ఆ చప్పుడు ఆయనే విన్నాడు. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కర్ర కింద పడేసి రెండు చేతులూ పైకెత్తి అలా నిలబడిపోయాడు. అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇలాంటిది మీ మామయ్యకి ఒక్కటి పడి ఉంటే బాగుండేదే అని నాతో అంది.

తర్వాత కళ్ళజోడు పెట్టుకుని ఫోను తీసింది. తనని వెలివేసిన కోర్సు గురించి ఏం రాస్తుందోనని సెక్రటరీ మెడ సాచి చూస్తున్నాడు.

"ఆరో గ్రీన్ బాగుంది. బంతి నిలకడగా దొర్లుతోంది. రావచ్చు. దారిలోంచి చూసి రాస్తున్నా."