తువ్వాలు కింద జారిపోయిన చేప

ఎమ్మిగనూరు తువ్వాలు కొత్తది మడత విప్పితే గంజి వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా కుడిచేతి వేళ్లు ఊరుకోవు, ఎవరితోనో బేరం మిగిలిపోయినట్టు ఆడుతూనే ఉంటాయి.

ఆదోనిలో మా నాయన పత్తి వ్యాపారి. ఆ రోజుల్లో ధర నోటితో చెప్పేవాళ్లు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి తేల్చుకునేవాళ్లు. పత్తి నుసిలో, బెల్లం దిమ్మెల వాసనలో, ఎద్దుల గంటల మోతలో పెరిగిన నాకు లోకంలో ఏదైనా అలాగే దొరుకుతుందని నమ్మకం.

ఒక వేసవిలో నాయన పనిమీద మద్రాసుకు పోతూ అవ్వనూ నన్నూ రైల్లో తీసుకెళ్లాడు. అవ్వ సముద్రస్నానం చేస్తుంటే నేను బొరుగుల ఉండల మూట చంకన పెట్టుకుని, కాలు నిలవక ఇసుకలో పరుగులు తీసి, మోకాటిలోతు నురగలో గాలం వేస్తున్న ఒక ముసలాయన దగ్గర ఆగాను. ఆయన గాలానికి వెదురు లేదు. కర్రముక్కకు చుట్టిన దారం, కొసన సీసపు గుండు, ఎర. అల విరిగేచోటికి విసిరి, దారాన్ని చూపుడువేలికి ఆనించుకుని చేప లాగుడు కోసం కాచుకునేవాడు. ఆ లాగుడు నా వేలికి తెలియాలి. చేప తాకని ఇల్లు మాది; దారం తాకితే తప్పేముంది? అదీ అవ్వ తల తుడుచుకునేలోపలే అయిపోవాలి.

"తాతా, ఒక్క తూరి నాకియ్యి. బొరుగుల ఉండలిస్తా."

"ఎన్నిస్తావు పాపా?" ఆయనదీ తెలుగే, నెల్లూరు వైపు.

నోటితో చెప్పడమా! నా భుజం మీది తువ్వాలు చేతికి కప్పి చాపాను. "ఈడ సెప్పు. రెండో సేత్తో అంచు పట్టుకోవల్ల."

ఆయన ముచ్చటపడి కర్రముక్కను పాదం కింద తొక్కిపెట్టి, రెండు వేళ్లు నొక్కాడు. మూట నిండా ఉండలే. అయినా అడిగినంతా ఇస్తే మా వంశం పరువేం కావాలి? ఒక వేలు నొక్కాను. ఆయన మళ్లీ రెండన్నాడు. ఒకటిన్నర అనడానికి నేను వేలు మడుస్తుండగానే కర్రముక్క ఆయన పాదం కింద నుంచి ఎగిరి, గిరగిరా తిరుగుతూ అలల్లోకి పోయింది. నురగలో ఒక్కసారి వెండి తళుక్కుమంది.

ఆయన నడుంలోతు దాకా పరిగెత్తి, వట్టి చేతులతో వచ్చాడు.

"సగం ఉండ కాడ చేపా పోయె, దారమూ పోయె! గట్టిదానివే తల్లీ!"

మూట మొత్తం ఆయన చేతుల్లో పెట్టాను. చిన్నప్పుడు బేరం లేకుండా నేనిచ్చింది అదొక్కటే.

"ఉండలు యాడమే?" అంది అవ్వ.

"ఇచ్చేసినా."

"ఏమొచ్చె?"

ఇప్పుడు అవ్వా లేదు, ఆ చేతుల బేరాలూ లేవు. ఈ కొత్త తువ్వాలుకు ధర చీటీ అంటించి ఉంటే, అందులో ఉన్నదంతా ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి, దాని కింద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఎవరూ నొక్కలేదు, ఏదీ లాగలేదు.