విస్తరి ముందు అడిగిన మాట

మా మార్కెటింగ్ మాస్టారు పోయారని మొన్న రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు ఒళ్లు మండింది. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసిన కాలేజీ వాళ్లే గేటుకి ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టారట, ‘మా కుటుంబ సభ్యుడు’ అని! సిగ్గుండాలి కదండీ.

మేం ఎం.బి.ఎ. ముగించింది అమెరికాలో బ్యాంకులు కూలిన ఏడాది. వరిచేల మధ్య కొత్తగా లేచిన కాలేజీ మాది. గ్లోబల్ మేనేజర్లు అయిపోతారని ఊరించి చేర్చుకున్నారు. మాస్టారు మాత్రం ఆ మాట ఎత్తేవారు కాదు. "అడగందే అమ్మైనా పెట్టదర్రా. ముందు అడగడం నేర్చుకోండి" అనేవారు. నాలా నోరు పెగలని ఆడపిల్లల్ని లేపి మరీ అడిగించేవారు.

ఆ ఏడు క్యాంపస్ ఇంటర్వ్యూలకి హైదరాబాదు కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. మన వైపు మర్యాదలు తెలిసినవే కదా. కోడి పలావు, రొయ్యల ఇగురు, పూతరేకులు, కొసరి కొసరి వడ్డన. ఉద్యోగాల మాటెత్తితే అతిథి నొచ్చుకుంటాడని ప్రిన్సిపాల్‌తో సహా ఎవరూ నోరు మెదపలేదు. మాస్టారే అడిగేశారు.

"మా పిల్లలకి ఉద్యోగాలు ఉన్నాయాండి, లేవాండి?"

"లేవండి. మార్కెట్ బాలేదు కదా. పిలిచారు, వచ్చాను" అన్నాడాయన, పూతరేకు నములుతూనే.

చివాట్లు ఎవరికి పడాలి? ఎవరికి పడ్డాయి? "అన్నం ముందు కూర్చున్న మనిషిని అలా అడుగుతారటండీ? మర్యాద తెలీదా?" అని కరస్పాండెంట్ గారు ఆ సాయంత్రమే మాస్టారిని ఇంటికి పంపేశారు. మా చదువులు గంగలో కలిసినా ఫరవాలేదు గానీ వచ్చినవాడు నొచ్చుకోకూడదు! ఇదేం మర్యాద? నాకు ఇప్పటికీ మంటే.

ఆ తర్వాత మాస్టారు పాత స్కూటరేసుకుని జిల్లా అంతా తిరిగారు. రైస్ మిల్లులు, ఎరువుల డీలర్లు, రొయ్యల మేత కంపెనీలు, ఏ గడపా వదల్లేదు. తన కోసం కాదు, మా కోసం. ఒకరోజు నన్ను కాకినాడ దగ్గర మేత కంపెనీకి రమ్మన్నారు. జోరువానలో నిలువునా తడిసి వచ్చారు. నా గురించి చెప్పడం అయ్యాక మేనేజరు గారు ఆయన్ని చూసి, "ఇంతకీ మీరిప్పుడు ఎక్కడ చేస్తున్నారండి మాస్టారూ?" అన్నారు.

"నా సంగతి తర్వాతండి. ముందు ఈ అమ్మాయి సంగతి చెప్పండి."

ఆయన సంగతి మళ్లీ ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. నాకు ఉద్యోగం ఇస్తున్నామని మేనేజరు గారు అనేదాకా కుర్చీలో కూర్చోకుండా అలాగే నిలబడ్డారు. చొక్కాలోంచి నీళ్లు కారి, ఆయన చుట్టూ గచ్చంతా తడిసిపోయింది.