కుజె గారిని అడగని మనుషులు

కుజె మిత్సుయో గారి పేరు అచ్చులో ఒకే ఒక్కసారి పడింది, అదీ తిట్టడానికి.

అకిహబారా ఎలక్ట్రానిక్స్ బజారులో రైలు వంతెన కింద, మనిషి పక్కకి తిరిగితే మోచెయ్యి పక్క కొట్లోకి వెళ్లేంత ఇరుకు సందు మాది. అందులో ఆమె ముప్పై ఒక్క ఏళ్లు ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మింది. తొకొరో అనే రిటైరైన లెక్చరరు నడిపే రేడియో క్లబ్బు నెలనెలా ఒక పత్రిక వేస్తుంది. నాలుగేళ్ల కిందట అందులో ఆయన రాశాడు: "కుజె కొట్లో అమ్మే రెగ్యులేటర్లు నాసిరకం. సభ్యులు జాగ్రత్త వహించగలరు." ఆ నెల నుంచి క్లబ్బువాళ్లు ఆమె కొట్టు ముందు, షట్టరు దించి ఉన్నట్టే నడిచిపోయేవారు. ఆమె బేరంలో సగానికి పైగా వాళ్లదే.

రెగ్యులేటర్‌లో ఏ లోపమూ లేదు. మూడు కాళ్ల చిన్న ముక్క అది. అడాప్టరు నుంచి ఎగుడుదిగుడుగా వచ్చే కరెంటును తీసుకుని రేడియోకు నికరంగా ఐదు వోల్టులు ఇస్తుంది. అయితే ఆ పాత రకానికి ఒక పట్టింపు ఉంది. కరెంటు బయటికొచ్చే వైపు కాలు దగ్గర, కరెంటును కాస్త నిలవ ఉంచడానికి పెట్టే కెపాసిటర్‌లో కొంచెం లోపలి నిరోధం ఉండాలి. చవకగా దొరికే ఎలక్ట్రోలిటిక్ రకంలో అది ఉంటుంది. ఖరీదైన సిరామిక్ రకంలో దాదాపు ఉండదు. సిరామిక్ పెడితే రెగ్యులేటర్ నిలకడ తప్పుతుంది, రేడియో కూత పెడుతుంది. ఈ సంగతి ఆ ముక్క తయారుచేసిన కంపెనీ వేసే డేటాషీటులో, ఆరో పేజీలోనే ఉంది. తొకొరో మాస్టారు జీవితమంతా పాఠం చెప్పినవాడు గనక ఆరో పేజీ దాకా చదివే అవసరం ఆయనకు రాలేదు.

ఆయన ఆ సరుకు కొన్న రోజు నేను పక్క కొట్లో వైర్లు కత్తిరిస్తున్నాను.

"మాస్టారూ, బయటి వైపు ఏం పెడుతున్నారు?" అని అడిగింది కుజె గారు.

"సిరామిక్. ఉన్నవాటిలో మంచిది."

"ఈ ముక్కకి మంచిది పడదండీ. ఆ పక్క డబ్బాలో చవకది ఉంది, అది పట్టుకెళ్లండి."

"ఏమ్మా, చవక సరుకు బాగా పేరుకుపోయిందా?"

వెనకున్న ఇద్దరు సభ్యులు నవ్వారు. మాస్టారు హాస్యమాడితే నవ్వడం ఆ క్లబ్బులో చందా కట్టడం లాంటిది, తప్పదు.

మా సందులో ఒక మర్యాద ఉంది. కొనేవాడు చీటీ చూసుకుంటూ, పట్టకారుతో ఒక్కొక్క ముక్కా చిన్న పళ్లెంలో వేసుకుని, నోరెత్తకుండా కొట్టువాళ్ల చేతికిస్తాడు. అడిగినవాడు కొత్తవాడి కింద లెక్క. ఆఫీసులో పై అధికారి ముందు నడుం వంచీ వంచీ విసిగిన మగవాళ్లు ఐదు వోల్టుల మీద పెత్తనం చెయ్యడానికి ఆదివారం ఇక్కడికి వస్తారు. అలాంటివాళ్లు ఒక ఆడమనిషిని, అందులోనూ కొట్టు ఆవిణ్ణి, 'ఏది పెట్టమంటారు' అని అడుగుతారా? రేడియో కూస్తే కూసింది.

కుజె గారికి ఒక్కటే కావాలి. ఆ వాక్యాన్ని అదే పత్రికలో వెనక్కి తీసుకోవాలి. రెండు ఉత్తరాలు రాసింది, జవాబు లేదు. ఇంటర్నెట్లో పెడదామండీ అన్నాను.

"అక్కడ చదివేది నువ్వు. నా గిరాకీ చదివేది ఆ పత్రిక," అంది.

ఈ వసంతంలో ఒక మంగళవారం తొకొరో మాస్టారు ఒంటరిగా వచ్చాడు. మాస్కు, పైన టోపీ. నోరెత్తకుండా చవక ఎలక్ట్రోలిటిక్‌లు మూడు పళ్లెంలో వేసుకున్నాడు.

"దేనికండీ మాస్టారూ?"

"మనవడి ఆటబొమ్మకి."

"తెలివైన పిల్లాడండీ. ఆరో పేజీ చదివినట్టున్నాడు."

మాస్కు దాచలేని చెవులు ఎర్రబడ్డాయి. కుజె గారు సంచీ అందిస్తూ, "పత్రికలో ఒక్క ముక్క వెయ్యండి, చాలు," అంది.

"చూద్దాం," అన్నాడాయన. పెద్దమనుషులు చూద్దాం అంటే ఇంక చూడరని ఇక్కడ అందరికీ తెలుసు. కానీ ఆయన వేశాడు. జూన్ సంచికలో, మొదటి పేజీలోనే: "తొకొరో మాస్టారి నూతన పరిశోధన: రెగ్యులేటర్‌కు చవక కెపాసిటరే ఎందుకు మేలు?" కింద ఆయన ఫొటో, సర్క్యూట్ బొమ్మ. కుజె అన్న పేరు ఎక్కడా లేదు.

ఆ పత్రిక పట్టుకుని నేను వెళ్లేసరికి ఆమె సొరుగుల మీద అంటించిన పేర్ల కాగితాలు గీకేస్తోంది. బేరం లేక ఆ నెలాఖరుకి కొట్టు ఖాళీ చేస్తోంది. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"నేను వెళ్లి నాలుగు అడిగేసి వస్తాను," అన్నాను.

ఆమె వినలేదు. బొమ్మ మీద వేలు పెట్టి, నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూర్చుంది.

"చూడు. చవకది ఒక్కటే పెట్టడానికి మనసొప్పలేదు పాపం. తన బల్ల మీద చవకది ఒక్కటే పెట్టి, కూత రావట్లేదని విని ఉంటాడు. అచ్చులోకొచ్చేసరికి నాణ్యత కోసమంటూ పక్కనే సిరామిక్ కూడా తగిలించాడు. పక్కన సిరామిక్ ఉంటే చవకదాని నిరోధం ఉన్నా లేనట్టే. క్లబ్బంతా ఇలాగే కడుతుంది, అన్నీ మళ్లీ కూస్తాయి."

"మరి చెప్పరా?"

"ఎందుకు చెప్పను? షట్టరు మీద నా ఇంటి అడ్రసు అంటించి పోతున్నా. అడిగితే చెప్తాను. కానీ అడగాలి. నోరు తెరిచి, నలుగురి ముందు అడగాలి."