అంతోని తోలుతిత్తి

మొన్న క్రోసూరు నుంచి మా మరిది దానియేలు వచ్చాడు. మా ఆయన్ని మట్టిలో పెట్టాక మళ్లీ రావడం ఇదే. మంచినీళ్లు తాగి, కాసేపు చూరు వంక చూస్తా కూర్చుని, అడగలేక అడగలేక అడిగాడు.

"వదినా, అన్న మౌతార్గాన్ ఇస్తే మా గుళ్లో పాటలకు ఊదుకుంటాను. కాస్త వేణ్ణీళ్లతో కడిగియ్యి."

ఆ మాటలో తప్పేం లేదు. పోయిన మనిషి వస్తువు ఎవరైనా అట్టాగే అడుగుతారు. కానీ నాకు మొహం కాలినట్టయింది. లోపలికి పోయి పెట్టె మూత తీసి కూడా దాని మీద చెయ్యి వెయ్యలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే మా ఆయన సంగతి చెప్పాలి.

మా ఆయన పేరు అంతోని. వినుకొండలో రైలు కట్ట మీద గ్యాంగు పని చేసేవాడు. ఒకనాడు స్లీపరు దుంగ కాలి మీద పడి ఎముక చితికింది. మళ్లీ ఆ పనికి పనికి రాలేదు. మంచంలో ఉన్నన్నాళ్లూ ఆయన చేతిలో ఒక పాడైపోయిన మౌతార్గాన్ ఉండేది. ఎవరో గార్డు దొర రైల్లోంచి పారేస్తే కట్ట పక్కన దొరికింది. దాన్ని విప్పుతాడు, బిగిస్తాడు, మళ్లీ విప్పుతాడు.

పై రేకు తీస్తే లోపల దువ్వెన లాంటి చెక్క. దానికి అటూ ఇటూ ఇత్తడి పలకలు. పలకల మీద వరసగా సన్నటి ఇత్తడి నాలుకలు. ఊదితే కొన్ని మోగుతాయి, పీలిస్తే కొన్ని. నాలుకని కొస దగ్గర గీరితే స్వరం పైకి పోద్ది, మొదట్లో గీరితే కిందికి దిగుద్ది. ఇదంతా ఆయనకి ఎవరూ నేర్పలా. పాడుచేసి పాడుచేసి నేర్చుకున్నాడు. నోటి తడికి చెక్క ఉబ్బి పెదాలు కోసుకుంటన్నాయని, చెక్కని కరిగించిన తేనెమైనంలో ముంచి ఆరబెట్టేవాడు. నేను కూర తాలింపు వేసుకునే మూకుడు ఆ మైనానికే పోయింది. నేను అరిస్తే నవ్వేవాడు.

యుద్ధం వచ్చి జర్మనీ సరుకు ఆగిపోయింది. కొత్తవి దొరక్క ఉన్నవాళ్లు పాతవే పట్టుకుని మా ఇల్లు వెతుక్కుంటా వచ్చేవాళ్లు. కాలు పోయినా మాకు పొయ్యి వెలిగింది ఆ పనితోనే. సాయంత్రం గడపలో కూర్చుని తనది తను వాయించేవాడు. అంట్లు తోముకునే ఆడోళ్లు చేతులు ఆపి వినేవాళ్లు. మా పొరుగింటి నాగులమ్మ, "అన్నో, నీ పాటతో నా బువ్వ మాడిందయ్యా" అని కేకేసేది.

అట్టాంటప్పుడు వచ్చాడు గురునాథంగారు. నరసరావుపేటలో బట్టల కొట్టు ఆయనది. నాటకాలకి హార్మోనియం వాయిస్తాడు, హాస్య ఘట్టాల్లో మౌతార్గాన్ ఊదుతాడు. ఆ రెండింటికీ శృతి కలవట్లేదని ఆయన బాధ.

"ఒరేయ్ అంతోనీ, నా హార్మోనియం పెట్టె శృతికి దీన్ని దింపగలవా?"

"దింపుతానండి. రెండూ ఒకేసారి వాయించుకునేట్టు చేస్తాను."

"అయితే ఒక మాట. నీ నోరు మటుకు తగలకూడదు."

కోపంగా అనలేదు. చొక్కాకి ఎన్ని గుండీలో చెప్పినట్టు చెప్పాడు. మాకూ అది కొత్త కాదు. హోటల్లో మా గ్లాసులు చూరులో వేరేగా దోపి ఉండేవి. మాది మేమే దించుకుని, మేమే కడిగి మళ్లీ పెట్టేవాళ్లం. మా ఆయన తలూపి మాటిచ్చాడు.

ఆ మాట కోసమే తిత్తి చేశాడు. తోళ్లమ్మే మీరా సాహెబు దగ్గర మేక తోలు తెచ్చి, ఊనబెట్టి మెత్తబరిచి, చిన్న సంచిలా కుట్టి, మూతికి చెక్క గొట్టం బిగించాడు. నొక్కితే గాలి పోద్ది, లాగితే పీల్చుకుంటది. ఒక్కో రంధ్రం దగ్గర గొట్టం ఆనించి, గురునాథంగారు పంపిన హార్మోనియం మెట్టు నొక్కి, రెండూ కలిసిందాకా గీరేవాడు. పాత గొడుగు కమ్మీలు వంచి, మెడకి తగిలించుకునే చట్రం కూడా చేశాడు. ఇంక గురునాథంగారు చేతుల్తో పెట్టె వాయిస్తా నోటితో మౌతార్గాన్ ఊదొచ్చు. చానా ముచ్చటగా కుదిరింది.

ఒక్క నాలుక కుదర్లా. పీల్చే వరసలోది. తిత్తితో లాగితే బ్రహ్మాండంగా పలుకుతది. గురునాథంగారు మెల్లగా ఊపిరి తీస్తే ఒక్క క్షణం ఆగి పలుకుతది. ఆయన తెచ్చి ఇచ్చి పోతాడు, ఈయన సరిచేస్తాడు, మళ్లీ అదే. తిత్తి మొరటుది. మనిషి ఊపిరి మెల్లగా మొదలవుద్ది, అది తోలుకి తెలవదు.

ఒక మజ్జాన్నం నేను బియ్యం చెరుగుతుంటే మా ఆయన దాన్ని నోట్లో పెట్టుకోవడం చూశాను.

"అయ్యో, ఏందయ్యా ఇది! మాటిచ్చావు గదా!"

ఆయన నా వంక చూళ్లేదు. "తిత్తికి తెలవట్లేదే రాజమ్మా" అన్నాడు. పిన్నుతో ఆ నాలుకని వెంట్రుకవాసి దించాడు. అంతే, పలికింది. తర్వాత తడిగుడ్డతో తుడిచి, తుడిచిందే తుడిచి, ఎండలో పెట్టాడు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

నాటకం వినుకొండలోనే ఆడారు. పందిట్లో చివర, మావాళ్లకి వేరుగా కట్టిన తాళ్లకి ఇవతల మేమూ కూర్చున్నాం. గురునాథంగారు మెడలో చట్రం వేసుకుని రెండూ కలిపి వాయిస్తుంటే జనం ఈలలు, "వన్స్ మోర్" అని అరుపులు. మళ్లీ వాయించాడు. అది అయ్యాక మా ఆయన్ని పైకి పిలిచాడు. కుంటుకుంటా పోతుంటే నాకు గుండె నిండిపోయింది.

"ఇదంతా ఈ అంతోని పనితనం" అన్నాడు గురునాథంగారు అందరికీ వినపడేట్టు. "పైగా మర్యాద తెలిసినవాడు. తోలుతిత్తి చేసుకున్నాడు గానీ ఒక్కసారి కూడా నోరు తగలనివ్వలా." అని తన భుజం మీద కండువా తీసి కప్పబోయాడు.

మా ఆయన వెనక్కి జరిగాడు.

"ఒకసారి తగిలిందండి."

"ఏందిరా?"

"ఒక నాలుక తిత్తికి లొంగలేదండి. ఒకసారి ఊది చూశాను. తుడిచాననుకోండి."

ఎవడో వెనక నుంచి, "గురునాథం మావా, రుచి ఎట్టా ఉంది?" అన్నాడు. ఇంక నవ్వులే నవ్వులు. నాగులమ్మ నా పక్కనే కూర్చోనుంది, అది కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నేను తల వంచుకుని మోకాళ్లలో పెట్టుకున్నాను.

గురునాథంగారు కొట్టలా, తిట్టలా. తిట్టినా బాగుండేది. మెడలో చట్రం తీసి బల్ల మీద పెట్టి, తెర పక్కకి పోయి నోరు పుక్కిలించాడు. వచ్చి హార్మోనియం ఒక్కటే వాయించాడు. రంగం మారినప్పుడల్లా పోయి పుక్కిలించేవాడు. పద్యం ఆగినప్పుడల్లా ఆ చప్పుడు మా దాకా వినపడేది. మా ఆయన పందిరి గుంజ పట్టుకుని చివరిదాకా నిలబడ్డాడు. పోదాం రావయ్యా అంటే రాలా.

ఇంటికొచ్చేటప్పుడు నాకు సిగ్గూ కోపమూ ఆగలేదు. "చెప్పకపోతే ఏం పోయేది? ఎవరు చూశారు?" అన్నాను.

"మర్యాద అన్నాడు గదే. నాది కాని దాన్ని నా భుజాన కప్పబోయాడు" అన్నాడు.

కొన్నాళ్లకి గురునాథంగారి కొట్లో గుమాస్తా మస్తాన్‌రావు ఆ మౌతార్గాన్ పట్టుకుని వచ్చాడు. కొత్త చెక్క వేసి, నాలుకలన్నీ మళ్లీ శృతి చేసి, ఈసారన్నా తిత్తితోనే చెయ్యమని కబురు. నేనైతే గుమ్మంలోంచే పంపేసేదాన్ని. మా ఆయన రెండు చేతుల్తో అందుకున్నాడు. నాకు పందిట్లో కన్నా ఆ పూటే ఎక్కువ సిగ్గేసింది. తిత్తితోనే చేశాడు, నోటికి మూర దూరంలో పెట్టుకుని. ఆ ఒక్క నాలుకా ఊపిరికి మళ్లీ ఆలస్యంగానే పలుకుద్దని ఆయనకి తెలుసు. అట్టాగే పంపాడు. గురునాథంగారు మళ్లీ అడగలా.

అప్పట్నుంచి మా ఆయన ఎవరి మౌతార్గానూ నోట పెట్టలేదు. మావాళ్లవి కూడా తిత్తితోనే చూసేవాడు. క్రిస్మస్‌కి ఫాదరుగారే పిలిచి వాయించమంటే పెదవి పుండయిందండి అని తప్పించుకున్నాడు. పుండేం లేదు. సాయంత్రాలు గడపలో తనది తీసి, గుడ్డతో తుడిచి, తిత్తి గొట్టం ఆనించి ఒక్కో స్వరం పలికించి, మళ్లీ పెట్టెలో పెట్టేవాడు.

"మనదే గదయ్యా, ఒక్కసారి ఊదరాదా" అని బతిమాలాను.

"పెదాల దాకా తెస్తానే. ఆ పుక్కిలించే చప్పుడు వినపడతది" అన్నాడు.

పోయిన వానల్లో జ్వరం తగిలి పోయాడు. గడపలో మళ్లీ వాయించకుండానే పోయాడు.

ఇదీ నా చెయ్యి ఆడకపోవడానికి కారణం. నేను చానాసేపు రాకపోయేసరికి దానియేలు గుమ్మం దగ్గరికొచ్చాడు. "ఏంది వదినా, ఇవ్వడం ఇష్టం లేదా?"

పెట్టెలోంచి తీసి అతని చేతిలో పెట్టాను. తిత్తి మటుకు ఉంచుకున్నాను.

అతను అలవాటు కొద్దీ చొక్కా అంచుతో తుడవబోయాడు.

"తుడవమాక, నాయనా" అన్నాను. అతను తలెత్తి చూశాడు. మళ్లీ అన్నాను. "కడగనూ వద్దు, తుడవనూ వద్దు. అట్టాగే ఊదితే పట్టుకుపో. లేకపోతే ఇక్కడే పెట్టి పో."

పిచ్చిదాన్ననుకున్నాడేమో. మరిదిని పట్టుకుని ఇట్టాంటి మాట అడిగినందుకు నాకే సిగ్గేసి గోడ వైపు తిరిగాను. ఆనాటి నాటకం సంగతి వాళ్ల ఊరి దాకా పోయే ఉంటది.

దానియేలు పోయి గడపలో కూర్చున్నాడు, వాళ్లన్న కూర్చునే చోటే. మెల్లగా ఊపిరి తీశాడు. పట్టిన దుమ్ముకి ముందు గరగరలాడింది. తర్వాత పలికింది.