సెలవు దాటిన పదకొండు రోజులు

ఎల్లారెడ్డికి చెందిన సిద్దిరాములు సైన్యంలో పదిహేడేళ్లు పనిచేసి వచ్చి, ఇప్పుడు పోచారం కాలువ కింద వరి వేస్తున్నాడు. ఏటా పోయిన పెద్దలకు పెట్టే పెత్రామాస నాడు బస్సెక్కి కామారెడ్డి వెళ్తాడు. ఒకే యూనిట్‌లో పనిచేసిన భీమేష్ ఆ రోజు చనిపోయిన తల్లి పేరు మీద అన్నం పెడతాడు. మొదటి విస్తరి సిద్దిరాములుదే.

ఈసారి వడ్డిస్తూ భీమేష్ భార్య ఉమారాణి అడిగింది. “మీరిద్దరు కూసుంటే చాలు, ఓఎస్ఎల్, ఓఎస్ఎల్ అంటరు. గదేంది అన్నా, మందు పేరా?”

భీమేష్ నవ్వాడు. “సెలవు అయిపోయినా రానోని పేరు పక్కన క్లర్కు మూడు ఇంగ్లీషు అక్షరాలు రాస్తడు. సెలవు దాటి ఉన్నడని. ఇగ బ్యారక్‌ల వాని పేరే పోతది. ‘ఓఎస్ఎల్ ఏడి’ అంటరు. అన్నను పదకొండు రోజులు గట్లనే పిలిచిన్రు. పాపం, బాపు పానం మీదికొచ్చి ఆగిండు. తిను అన్నా.”

సిద్దిరాములు చేయి కదలలేదు. ఆ పదకొండు రోజులూ మంచు కొండ మీద ఆయన కాపలా కూడా భీమేషే కాశాడు. సిద్దిరాములు తిరిగొస్తేనే భీమేష్‌కు సెలవు. తొమ్మిదో రోజున భీమేష్ తల్లి పోయింది. ఇల్లు చేరేసరికి దహనం అయిపోయింది. ఇరవై ఏళ్లలో భీమేష్ ఒక్క మాట అనలేదు. తండ్రి కోసం ఆగినవాణ్ని ఏమంటాడు?

“తమ్మీ, బాపుకు అప్పుడేం కాలే,” అన్నాడు సిద్దిరాములు.

“ఏంది?”

“ఆ యేడు కాలువ నీళ్లు ఆలస్యంగ ఇడిసిన్రు. నా సెలవు రేపు అయిపోతదనంగ వచ్చినయ్. నారు ముదురుతుండె. నాట్లేసి పోదామనుకున్న. బాపుకు సీరియస్ అని ఫోన్ల అబద్ధం చెప్పిన.”

భీమేష్ అన్నంలో పప్పు కలుపుతూనే ఉన్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

“మా అవ్వ పోయిననాడు మీ బాపు ఏం జేస్తుండె?”

“కూలోళ్లకు నారుకట్టలు అందిస్తుండె.”

భీమేష్ లేచి చేయి కడుక్కున్నాడు. సిద్దిరాములు కూడా లేవబోయాడు.

“కూసో. అవ్వ పేరు మీద పెట్టింది. ఇడిసిపెట్టద్దు.”

ఈసారి భీమేష్ ‘అన్నా’ అని పిలవలేదు. సిద్దిరాములు ఒక్కో ముద్దా మింగుతూ విస్తరి ఖాళీ చేశాడు. మజ్జిగ ఉమారాణి పోసింది, ఆయన ముఖం చూడకుండా.