బ్రాకెట్లో వయసు

కువైట్‌లోని దజీజ్‌లో ఒక గోదాములో అట్టపెట్టెలకు లేబుళ్లు అంటించే వీరేంద్ర, అక్కడ చనిపోయిన తెలుగువాళ్ల వార్తలు ఒక పత్రికకు రాసి పంపుతుంటాడు. కోనసీమలో ఉన్నప్పుడు కథలు రాసేవాడు. ఆ అలవాటు ఇంకా పోలేదు. భోజనం వేళ టిఫిన్ డబ్బా పక్కకు జరిపి, పాడైన లేబుళ్ల వెనక రాస్తాడు. పెదవులు కదుపుతూ చదువుకుని, ఒక్కో మాటా కొట్టేస్తాడు. పోయినామె ఇస్త్రీ చేస్తూ కూనిరాగం తీసేదని రాస్తే పత్రికవాళ్లు అది తీసేస్తారు. పేరు, ఊరు, బ్రాకెట్లో వయసు మిగులుతాయి. అయినా మళ్లీ రాస్తాడు.

పోయిన వేసవిలో జాబ్రియాలో ఇంటిపని చేసే పుష్పలత గుండె ఆగి చనిపోయింది. ఆమె ఇఖామా, అంటే అక్కడి నివాస అనుమతి కార్డు మీది పుట్టిన తేదీ చూసి ‘పుష్పలత (36)’ అని రాశాడు. ముప్పై నిండని ఆడవాళ్లను ఇంటిపనికి ప్రభుత్వం పంపనివ్వదు గనక ఏజెంట్లు పాస్‌పోర్టులో వయసు పెంచుతారని, కార్డులోనూ అదే పడుతుందని అతనికి తెలియనిది కాదు. ఆ రోజు తోచలేదు. నాలుగు రోజులకు ఆమె తల్లి అతని నంబరు కనుక్కుని అన్నమయ్య జిల్లా నుంచి ఫోన్ చేసింది. తిట్టలేదు.

“మా పాపకు ఇరవై ఆరేండ్లే సార్. మీరు రాసిన వయసు జూసి మా పాప కాదులే అనుకుంటిమి. ఆ పొద్దు అందరం కడుపునిండా తింటిమి.”

“తప్పు నాదేనమ్మా,” అన్నాడు వీరేంద్ర.

ఇప్పుడు ఎవరు పోయినా తోటి పనివాళ్లను ముందు అసలు వయసే అడుగుతాడు. చెప్పేవాళ్లు దొరక్కపోతే బ్రాకెట్ ఖాళీగా పంపుతాడు. ఆ ఖాళీని పత్రికవాళ్లు ఎంబసీ నుంచి తెచ్చుకున్న పాస్‌పోర్టు వివరాలు చూసి నింపేస్తారు.